ఎర్ర చుక్క వయసెంత?

2022 జులై. జేమ్స్ వెబ్ టెలిస్కోపు తొలి ఫొటోలు వచ్చిన కొద్ది రోజులకే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం బృందం ఒక ఎర్ర చుక్కను పట్టుకుంది. సప్తర్షి మండలం తోక దగ్గర సియర్స్ అనే సర్వే తీసిన ఫొటోలో ఉంది అది. చుక్క అనడమూ ఎక్కువే. పెద్దది చేసి చూస్తే కొన్ని గళ్ల మసక, అంతే. పేరు కూడా రేషన్ కార్డు నంబరులా ఉంటుంది: సియర్స్-93316. లెక్క కడితే, విశ్వం పుట్టిన 24 కోట్ల ఏళ్లకే ఆ వెలుగు బయల్దేరిందని వచ్చింది. విశ్వం వయసు 1380 కోట్ల ఏళ్లు. ఎనభై ఏళ్ల ముసలాయన ఏడాదిన్నర వయసులో దిగిన ఫొటో దొరికినట్టు.

అంత పసితనంలో అంత వెలుగా అని సిద్ధాంతకర్తలు తల పట్టుకున్నారు. మరుసటి ఏడాది వెబ్‌నే మళ్లీ అటు తిప్పి, ఈసారి ఫొటో కాకుండా వర్ణపటం, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీ, తీశారు. చుక్క గుట్టు బయటపడింది. దాని వెలుగు బయల్దేరింది విశ్వానికి దాదాపు 120 కోట్ల ఏళ్లు నిండాక. అదే విడతలో పరీక్షకు నిలబడ్డ ఇంకో చుక్క మాత్రం నెగ్గింది. టెక్సస్ ఖగోళవేత్త స్టీవెన్ ఫింకెల్‌స్టైన్ దానికి తన కూతురి పేరు పెట్టుకున్నాడు, మెయిసీ గెలాక్సీ అని. దాని వెలుగు విశ్వం పుట్టిన 39 కోట్ల ఏళ్లకు బయల్దేరిందే.

పత్రికల్లో 93316 దొరికిందన్న మొదటి వార్తకు వచ్చినంత చోటు, దాని వయసు తప్పని తేలిన రెండో వార్తకు దొరకలేదు. నాకైతే రెండోదే అసలు వార్త. దూరపు గెలాక్సీల పుట్టుపూర్వోత్తరాలు వెతికే ఈ విద్యలో ఫొటో ఒక ఫిర్యాదు మాత్రమే. సాక్ష్యం వర్ణపటం.

ముందు ఫిర్యాదు ఎలా రాస్తారో చూద్దాం. గెలాక్సీ దూరాన్ని టేపు పెట్టి కొలవలేం కాబట్టి దాని వెలుగు ఎంత సాగిందో కొలుస్తారు. విశ్వం వ్యాకోచిస్తూ ఉంటే, దారిలో ఉన్న కాంతి తరంగం కూడా దానితో పాటే సాగి ఎరుపు వైపు జరుగుతుంది. పాఠ్యపుస్తకాల్లో అరుణ విస్థాపనం అంటారు, రెడ్‌షిఫ్ట్ అంటే అందరికీ తెలుస్తుంది. తొలినాళ్ల విశ్వంలో గెలాక్సీల మధ్య పరుచుకున్న హైడ్రోజన్ ఒక మేలు చేసిపెట్టింది. 121.6 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలను అది మింగేస్తుంది. అందుకే దూరపు గెలాక్సీ వెలుగు ఒకచోట కత్తిరించినట్టు ఆగిపోతుంది. ఆ కోత సాగి సాగి ఇప్పుడు ఎక్కడికి చేరిందో తెలిస్తే రెడ్‌షిఫ్ట్ తెలిసినట్టే. మెయిసీ విషయంలో వెలుగు పన్నెండు రెట్లకు పైగా సాగింది. అతినీలలోహితంలో ఉండాల్సిన కోత 1500 నానోమీటర్లు దాటి, మన కంటికి ఆనని పరారుణంలోకి వచ్చి కూర్చుంది. వెబ్ టెలిస్కోపును పరారుణం కోసమే కట్టడానికి ఒక పెద్ద కారణం ఇది.

కోతను వెతకడానికి ఆకాశంలో ఒకే ముక్కను వేర్వేరు ఫిల్టర్లు పెట్టి ఫొటోలు తీస్తారు. ఎర్ర ఫిల్టర్లలో చుక్క కనిపిస్తుంది. నీలం వైపు వెళ్తూ ఉంటే ఒకచోట మాయమవుతుంది. ఇలా మాయమయ్యేవాటిని డ్రాపవుట్లు అంటారు, బడి మానేసిన పిల్లల్ని అన్నట్టే. 1990లలో చార్లెస్ స్టైడెల్, ఆయన సహచరులు ఈ ఉపాయంతో ఏరిన చుక్కలకు హవాయిలోని కెక్ టెలిస్కోపుతో వర్ణపటాలు తీసి, ఉపాయం పనిచేస్తుందని రుజువు చేశారు. అప్పటి నుంచి లక్షల్లో ఉన్న చుక్కల్లోంచి పసి గెలాక్సీలను జల్లెడ పట్టడం కుదిరింది.

జల్లెడ అన్నాక రాళ్లూ పడతాయి. ధూళి దట్టంగా ఉన్న గెలాక్సీ కూడా నీలం ఫిల్టర్లలో కనబడదు, ధూళి నీలాన్ని ఎక్కువగా అడ్డుకుంటుంది కనుక. 93316లో జరిగింది ఇదే, పైగా ఒక దురదృష్టం కూడా కలిసింది. అందులోని ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువులు కొన్ని నిర్ణీత తరంగాల దగ్గర గట్టిగా వెలుగుతున్నాయి. ఆ గీతలు సరిగ్గా ఎర్ర ఫిల్టర్లన్నిటిలోనూ పడేంత దూరంలోనే ఉంది ఆ గెలాక్సీ. ఇంకాస్త దగ్గరగానో దూరంగానో ఉంటే ఈ మోసం కుదిరేది కాదు. ఇది పదహారు రెడ్‌షిఫ్టా (అంటే 24 కోట్ల ఏళ్లప్పటిదా), అయిదా (120 కోట్ల ఏళ్లప్పటిదా) అన్న అనుమానం కొందరు 2022లోనే అచ్చులో పెట్టారు. తేల్చడానికి వర్ణపటం కావాలి, దానికి టెలిస్కోపు సమయం దొరకాలి.

ఈ వర్ణపటం పని ఎంత ఓపికతో మొదలైందో తెలియాలంటే 1912కు, అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌కు వెళ్లాలి. అక్కడి లోవెల్ వేధశాల యజమాని పెర్సివల్ లోవెల్‌కు కుజుడి మీద కాలువలున్నాయని పిచ్చి నమ్మకం. ఆకాశంలోని సుడి మబ్బులు (ఇవాళ మనం గెలాక్సీలంటున్నవే) పుట్టబోయే సౌరకుటుంబాలేమోనని కూడా ఆయనకు అనిపించింది. వాటి వర్ణపటాలు తీయమని వెస్టో స్లైఫర్‌కు అప్పజెప్పాడు. 24 అంగుళాల టెలిస్కోపు, దాని కొసన వర్ణపట దర్శిని, అందులో గాజు ప్లేటు. మబ్బు వెలుగు ఎంత మసకంటే ఒక్క రాత్రి చాలదు. తెల్లవారుతుండగా మూసేయడం, రాత్రికి అదే ప్లేటుతో మళ్లీ అదే మబ్బు మీదికి గురిపెట్టి తెరవడం. ఆండ్రోమెడా అనే మబ్బు వర్ణపటంలో గీతలు నీలం వైపు జరిగి ఉన్నాయి. అంటే అది సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది. 1917 నాటికి స్లైఫర్ చేతిలో 25 సుడి మబ్బుల లెక్క ఉంది. అందులో 21 దూరంగా పోతున్నాయి. లోవెల్ అడిగింది ఒకటి, దొరికింది మరొకటి.

ఇప్పుడు వెబ్‌లోని నిర్‌స్పెక్ అనే పరికరం ఒకేసారి వంద పైచిలుకు గెలాక్సీల వర్ణపటాలు తీస్తుంది. అందులో నాకు ముచ్చటేసేది ఒక జాలి. దాదాపు రెండున్నర లక్షల బుల్లి తలుపులు, ఒక్కోటి పదో వంతు మిల్లీమీటరు వెడల్పు. అయస్కాంతం ఒకటి వాటి మీదుగా సాగి తలుపులు తెరుస్తుంది, కావలసినవి విద్యుత్తుతో తెరిచే ఉంచి మిగతావి వదిలేస్తారు. ఏ గెలాక్సీ ఏ తలుపు వెనక పడుతుందో ముందే గుణించి పెట్టుకుంటారు. ఆ ఒక్క చుక్క వెలుగే లోపలికి వస్తుంది, పక్క చుక్కల గొడవ ఉండదు.

సరే, దూరాలు తెలిశాయి. అంతమాత్రాన ఎదుగుదల తెలిసినట్టా? ఏ గెలాక్సీ ఎదగడమూ మనం చూడలేం. ఒక్కోదానికి కోట్ల ఏళ్లు పడుతుంది, మన దగ్గరున్నది ఒక్క ఫొటో. పెళ్లి పందిట్లో ఒక మూల కుర్చీలో కూర్చున్నామనుకోండి. ఉయ్యాల్లో పాప, పరుగులు పెట్టే పిల్లలు, పెళ్లికూతురు, ఊతకర్ర తాతయ్య, అందరూ ఒకే మధ్యాహ్నం కనిపిస్తారు. మనిషి ఎలా పెరుగుతాడో ఆ ఒక్క చూపులో ఊహించవచ్చు. కానీ ఈ పాప ఆ తాతయ్య కాదు. ఏ పసి గెలాక్సీ ఎదిగి ఏ రకం పెద్ద గెలాక్సీ అవుతుందన్న తగాదా ఇప్పటికీ ఉంది. పైగా ఆకాశపు పందిట్లో వెనక వరసలోకి వెళ్లేకొద్దీ చిన్నపిల్లలు.

గెలాక్సీలకు వయసు మీదపడుతుందన్న మాటను లెక్కల్లో పెట్టి ఒప్పించిన మనిషి బియాట్రిస్ టిన్‌స్లీ. ఇంగ్లండులో పుట్టి, న్యూజిలాండులో పెరిగి, భర్త ఉద్యోగంతో డాలస్ వచ్చింది. పీహెచ్‌డీకి సుమారు మూడు వందల కిలోమీటర్ల అవతల ఆస్టిన్‌కు వెళ్లి వచ్చేది. అప్పట్లో అలన్ శాండేజ్ వంటి ఉద్దండులు పెద్ద గెలాక్సీలను వీధి దీపాల్లా వాడేవారు. దీపం కాంతి ఎప్పుడూ ఒకటే, మసకగా ఉంటే దూరంగా ఉన్నట్టు. టిన్‌స్లీ నక్షత్రాల జనాభా లెక్కలు తీసింది. వాయువు నుంచి ఇన్ని నక్షత్రాలు పుట్టాయి, బరువైన నీలివి కొద్ది కోట్ల ఏళ్లలోనే పోతాయి, చిన్న ఎర్రవి మిగులుతాయి, పోయినవి తమలో వండిన మూలకాలను మళ్లీ వాయువులో కలుపుతాయి. ఇలా అంచెలంచెలుగా గెలాక్సీ మొత్తం వెలుగును, రంగును కూడితే అది కాలంతో మారుతూనే ఉంటుంది. దీపమే మారిపోతుంటే దానితో దూరం ఎలా కొలుస్తారు? శాండేజ్‌కు ఇది రుచించలేదు. ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగిన టిన్‌స్లీ చివరికి యేల్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయింది. 1981లో, నలభయ్యో ఏట, క్యాన్సర్‌తో పోయింది. ఇవాళ గెలాక్సీ రంగులు చూసి అందులో ఎన్ని నక్షత్రాలున్నాయో, ఎంత వేగంగా పుడుతున్నాయో చెప్పే ప్రతి సాఫ్ట్‌వేరూ ఆ పద్దుల పుస్తకానికి వారసురాలే.

ఇలాంటి పద్దులన్నీ కలిపితే ఒక చిత్రం వచ్చింది. విశ్వంలో నక్షత్రాల పుట్టుక సుమారు వెయ్యి కోట్ల ఏళ్ల కిందట పతాక స్థాయికి చేరి, తర్వాత తగ్గుతూ వచ్చింది. ఎందుకు తగ్గింది? వంట ఆగితే ముందు బియ్యం డబ్బా చూస్తాం. గెలాక్సీల్లో బియ్యం హైడ్రోజన్ వాయువు. చల్లని హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగం పంపిస్తుంది గానీ, అంత దూరం నుంచి ఒక్క గెలాక్సీది మామూలుగా ఏ టెలిస్కోపుకూ వినపడనంత బలహీనం. పుణె దగ్గర ఖోడద్ గ్రామంలో 45 మీటర్ల వెడల్పు డిష్‌లు ముప్పై ఉన్నాయి. జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోపు అదే. ఆదిత్య చౌధురి, నిస్సిమ్ కణేకర్, సహచరులు దానితో ఒక్కొక్క గెలాక్సీని వినడం మానేసి 7,653 గెలాక్సీలను ఒకేసారి విన్నారు. ప్రతిదాని రెడ్‌షిఫ్ట్ కెక్ వర్ణపటాల వల్ల ముందే తెలుసు. కాబట్టి ఎవరి తరంగం ఎక్కడ ఉండాలో చూసి, అన్నిటినీ ఒక గీత మీదికి జరిపి సగటు తీశారు. రేడియో గోల ఎటుపడితే అటు ఊగుతుంది కాబట్టి కూడేకొద్దీ చల్లారిపోతుంది, ఇక్కడ దాదాపు 87 రెట్లు. సంకేతం మాత్రం నిలబడుతుంది. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితం ఇది: దాదాపు 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల్లో వాయువు చాలానే ఉంది, కానీ వండుతున్న వేగానికి అది నూరు, రెండొందల కోట్ల ఏళ్లకు మించి రాదు. బయటి నుంచి సరుకు ఆ వేగంతో రాకే పొయ్యి మందగించిందని వాళ్ల వాదన. రెడ్‌షిఫ్ట్‌లు కాస్త తప్పినా ఈ కూడిక కుదిరేది కాదు. 7,653 గీతలు తలో దిక్కూ పోయి, చివరికి గోలే మిగిలేది.

చౌధురి, కణేకర్‌లు పనిచేసిన సంస్థకే చెందిన రాశీ జైన్, యోగేశ్ వాదాడేకర్ 2025లో ప్రకటించిన అలకనంద అనే గెలాక్సీ ఇంకో చిక్కు. విశ్వానికి నూట యాభై కోట్ల ఏళ్లప్పుడే రెండు చక్కటి సుడి చేతులతో తీర్చినట్టుంది. అంత తొందరగా అంత పొందిక రావడం మామూలు లెక్కలకు ఎదురు. దాని దూరం కూడా ఫిల్టర్లతో కట్టిందే. కాకపోతే ఈసారి 21 ఫిల్టర్లు. 93316 కథ తెలిసినవాణ్ని కాబట్టి వర్ణపటం కోసం ఎదురుచూస్తున్నాను.

ఇక దూరం పోకుండా ఇంట్లోనే తవ్వే పద్ధతి ఒకటుంది. మన పాలపుంత గతం దాని నక్షత్రాల నడకలో దాగి ఉంటుంది. గయా ఉపగ్రహం కొలిచిన కదలికల్లో ఒక గుంపు మిగతావాటితో కలవకుండా వింత దారుల్లో పోతోందని 2018లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. వెయ్యి కోట్ల ఏళ్ల కిందట, కాస్త అటూఇటూగా, పాలపుంత మింగేసిన వేరే గెలాక్సీ శేషం అది.

నక్షత్రం నడక తెలియాలంటే రెండు తేదీల మధ్య అది ఎంత జరిగిందో చూడాలి, ఆ తేదీలు ఎంత ఎడంగా ఉంటే అంత మంచిది. గయాకు ముందు, 2000లో వచ్చిన టైకో-2 అనే పట్టిక 25 లక్షల నక్షత్రాల కదలికల్ని ఇచ్చింది. కొత్త తేదీ హిప్పార్కస్ ఉపగ్రహానిది. పాత తేదీల్లో ముఖ్యమైనది ప్రపంచంలోని వేధశాలలు ఆకాశాన్ని పంచుకుని తీసిన గాజు ప్లేట్లది. అందులో ఒక వాటా హైదరాబాదు నిజామియా వేధశాలది. ఎనిమిదంగుళాల కెమెరా టెలిస్కోపు, ప్లేటు మీద ముందే ముద్రించిన సన్నని గళ్లు, మైక్రోస్కోపులో ఒక్కో చుక్క గడిలో ఎక్కడుందో కొలిచి రాయడం. ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు అలా లెక్కలోకి ఎక్కాయి. పని మొదలైన 1914లో, మన పాలపుంత కాకుండా వేరే గెలాక్సీ ఒకటి ఉందో లేదో ప్రపంచంలో ఎవరికీ ఖాయంగా తెలియదు.