ఇతరుల ప్యాకేజీ, మన పిలుపు

సేల్స్‌ఫోర్స్ క్లౌడ్‌లో ఒక సంస్థ రాసిన కోడ్‌ను మరో సంస్థ తన ఖాతాలో ఇన్‌స్టాల్ చేసుకుని వాడుకునే ఏర్పాటే మేనేజ్డ్ ప్యాకేజీ. 2006 నుంచి నడుస్తున్న యాప్‌ఎక్స్ఛేంజ్ ఇలాంటి ప్యాకేజీలకు అంగడి. లోపలి కోడ్ కొన్నవారికి కనిపించదు. రాసినవారు గ్లోబల్ అని ప్రకటించిన క్లాసులు, మెథడ్లు మాత్రమే వారి అందుబాటులో ఉంటాయి.

వాటిలో రెస్ట్ సేవగా గుర్తు పెట్టినవాటిని బయటి ప్రోగ్రామ్ ఏదైనా వెబ్ ద్వారా పిలవవచ్చు. ముందు ఓఆథ్ పద్ధతిలో టోకెన్ తెచ్చుకుని, ప్రతి రిక్వెస్ట్ హెడర్‌లో పంపాలి. చిరునామాలో ఖాతా డొమైన్, సర్వీసెస్, అపెక్స్‌రెస్ట్, ప్యాకేజీ నేమ్‌స్పేస్, చివర క్లాసుకు ఇచ్చిన దారి వరుసగా రావాలి. నేమ్‌స్పేస్ 15 అక్షరాలు మించదు. ఒకే వీధిలో ఇద్దరు శ్రీనివాసులుంటే ఇంటిపేరు చేసే పనే ఇక్కడ అది చేస్తుంది.

పిలుపు విఫలమైతే కారణం జవాబుతో వచ్చే స్టేటస్ కోడ్‌లోనే దొరుకుతుంది. 401 వస్తే టోకెన్ గడువు తీరిందేమో చూడాలి. 404 వస్తే ఎక్కువగా నేమ్‌స్పేస్ మరిచిపోయి ఉంటారు. 403 అయితే ఆ యూజర్‌కు క్లాసుపై అనుమతి లేకపోవచ్చు, లేదా రోజువారీ పిలుపుల కోటా అయిపోయి ఉండవచ్చు. వెంట వచ్చే సందేశం చదివితే ఏదో తేలుతుంది.

ప్యాకేజీ లోపల సేల్స్‌ఫోర్స్ భాష అపెక్స్‌లో రాసిన కోడ్, పిలిచినవారి హక్కులతో నిమిత్తం లేకుండా సిస్టమ్ హోదాలో నడవగలదు. రికార్డుల పరిమితులు పాటించేలా రాయాల్సింది ప్యాకేజీ కర్త. అది మన చేతిలో ఉండదు కాబట్టి ఇలాంటి పిలుపులకు విడిగా ఒక యూజర్‌ను పెట్టి, అవసరమైన అనుమతులే ఇవ్వాలి. కర్తకూ ఒక కట్టుబాటు ఉంది: విడుదలైన గ్లోబల్ మెథడ్ ఆర్గ్యుమెంట్లను తర్వాత మార్చడానికి వీల్లేదు. కొన్నవారి ప్రోగ్రామ్‌లు వాటిమీదే ఆధారపడి ఉంటాయి.

ఇదంతా సాధన చేయడానికి పెద్ద ఖర్చు లేదు. మీర్‌పేట్‌లో ఇంట్లో కూర్చునైనా, దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లోనైనా రెండు ఉచిత డెవలపర్ ఖాతాలు తెరవవచ్చు. ఒకదానిలో నేమ్‌స్పేస్ నమోదు చేసి చిన్న ప్యాకేజీ తయారుచేయాలి, రెండోదానిలో దాన్ని ఇన్‌స్టాల్ చేయాలి, పోస్ట్‌మన్ అనే టూల్ నుంచి పిలవాలి. డెవలపర్ ఖాతాకు 24 గంటలకు 15,000 పిలుపుల కోటా ఉంటుంది, నేర్చుకోవడానికి అది ధారాళం. కోచింగ్ ఫీజు కట్టేముందు ఈ ఒక్క అభ్యాసం చేసి చూడటం మంచిది.