నిర్మాణం, పంపిణీ, బాధ్యత: ప్రోగ్రామింగ్ భాషల ప్యాకేజీ వ్యవస్థలు - విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: ప్రోగ్రామింగ్ భాషను వాక్యనిర్మాణాన్ని బట్టి, వేగాన్ని బట్టి అంచనా వేయడం పరిపాటి. రాసిన ప్రోగ్రామును నిర్మించి, ప్యాకేజీగా కూర్చి, ఇతరులకు అందించే పద్ధతి కూడా భాషాస్వభావంలో భాగమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. రచయిత హక్కుకూ వినియోగదారుని రక్షణకూ మధ్య సంబంధం ఆ పద్ధతిలోనే నిర్ణయమవుతుంది.

కీలకపదాలు: ప్రోగ్రామింగ్ భాషలు, బిల్డ్, ప్యాకేజీ, డిపెండెన్సీ, లాక్ ఫైలు.

1. ఉపోద్ఘాతం

సీ భాషకు తనదైన ప్యాకేజీ వ్యవస్థ లేదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రూపొందించిన 'మేక్' ఫైళ్ల సవరణ సమయాలను పోల్చి, మారినవాటిపై ఆధారపడిన భాగాలనే తిరిగి నిర్మిస్తుంది. కావలసిన లైబ్రరీని ఎక్కడినుంచి తెచ్చుకోవాలన్నది దాని పరిధిలోనిది కాదు. ఆ లోటును డెబియన్ వంటి లినక్స్ పంపిణీలు పూరించాయి. అంటే ఇక్కడ ప్యాకేజీ కూర్పు ప్రధానంగా రచయితది కాదు, మధ్యలో నిలిచిన పరిష్కర్తది.

2. ప్రకటనా? ప్రోగ్రామా?

పైథాన్‌లో చాలాకాలం ప్యాకేజీ వివరాలను 'సెటప్.పై' అనే ఫైలు తెలిపేది. అది స్వయంగా ఒక ప్రోగ్రాము. ప్యాకేజీకి ఏమేమి అవసరమో తెలియాలంటే ముందు దాన్ని నడపాలి. నడపడానికే కొన్ని సాధనాలు అవసరమైతే చిక్కు తప్పదు. 2016 నాటి పెప్ 518 ప్రతిపాదన, నిర్మాణానికి కావలసినవాటిని విడిగా ఒక ఫైలులో ముందే ప్రకటించే మార్గం చూపింది.

3. ఉపసంహరణ హక్కు

2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారమైన ఎన్‌పీఎం నుంచి 'లెఫ్ట్-ప్యాడ్' ప్యాకేజీని దాని రచయిత తొలగించాడు. అది కేవలం 11 పంక్తుల కోడ్. దానిపై ఆధారపడిన బేబెల్ వంటి సాధనాల స్థాపన విఫలమైంది. ఎన్‌పీఎం దాన్ని పునరుద్ధరించి, ఆపై ఉపసంహరణ నియమాలను బిగించింది. ఇంత చిన్న పనికి ఇతరులపై ఆధారపడటం సోమరితనమన్న విమర్శ వచ్చింది. అది అర్ధసత్యం. పదానికి ఎడమవైపు ఖాళీలు చేర్చే సౌకర్యం భాషాప్రమాణంలో చేరింది 2017లోనే. భాష వదిలిన ఖాళీని ప్యాకేజీ నింపిందన్నది ఆ విమర్శ విస్మరించిన విషయం.

రస్ట్ భాష మధ్యేమార్గం ఎంచుకుంది. రచయిత ఒక వెర్షన్‌ను 'యాంక్' చేస్తే కొత్త ప్రాజెక్టులు దాన్ని ఎంచుకోలేవు. లాక్ ఫైలులో దాన్ని ఇప్పటికే నమోదు చేసుకున్నవాటికి అందుతూనే ఉంటుంది. అయితే లాక్ ఫైలు పాఠాన్ని స్థిరపరుస్తుందే గాని, ఆ పాఠం నమ్మదగినదో కాదో చెప్పదు.

4. ముగింపు

1. ప్యాకేజీ బాధ్యతను సీ సంప్రదాయం పరిష్కర్తకు, ఎన్‌పీఎం మొదట రచయితకు అప్పగించాయి. రస్ట్ ఇద్దరి మధ్య పంచింది.
2. ప్రామాణిక లైబ్రరీ ఎంత చిన్నదైతే పరాధారం అంత పెరిగే అవకాశం ఉంది.
3. కనుక భాషావిమర్శ వ్యాకరణం దగ్గరే ఆగక, రచన పాఠకుని చేరే దారినీ పరిశీలించాలి.