అంగడి మాటలు, పందిరి మాటలు

మన యంగళ్లలో వాడుకయందున్న మాటలు పెక్కు పరభాషలవనియు, వానిని గ్రంథములనుండి తొలగింపవలెననియు కొందఱు వాదించుచుందురు. ఈ వాదమును మేమంగీకరింపజాలము. అంగడి యను మాట తమిళ కన్నడములకును మనకును ఉమ్మడిసొత్తు. బజారు పారసీకము. దుకాణము, నగదు, బాకీ యనునవి అరబ్బీ మాటలు. సంస్కృతమున శ్రేష్ఠి యైనవాడు ప్రాకృతము మీదుగా మనకు శెట్టి యైనాడు. సరకు వచ్చిన త్రోవనే మాటయు వచ్చును. మిరపకాయ సముద్రములు దాటి వచ్చినదని విస్తరినుండి తీసివేయువారు లేరుగదా! మాట యెచ్చటినుండి వచ్చినదని గాక, నిజము చెప్పుచున్నదా యని యడుగవలెను.

ఈ పరీక్షకు అంగడి మాటలు చక్కగా నిలుచును. 'కొను' అనగా తీసికొనుట. చేకొను, కైకొను అనువానిలో ఆ యర్థము నేటికిని కలదు. 'విలుచు' అను పాతమాటకు మనలో కొనుట యర్థము. తమిళమున దాని తోబుట్టువైన 'విల్' అనగా అమ్ముట. వెల, విలువ యా కుటుంబములోనివే. బేరము ఇరువురిదిగదా! కొసరు అడుగు గృహిణి సిగ్గుపడదు; వేయు వర్తకుడు నొచ్చుకొనడు. అంతయు బహిరంగము.

మేము తప్పుపట్టు మాట వేఱొకటి కలదు. 'శుల్కము' అనగా వెల, సుంకము. పూర్వము కన్యనిచ్చుటకు తండ్రి సొమ్ము పుచ్చుకొనుటను కన్యాశుల్కమనిరి. ఆచారము చెడ్డదైనను పేరు నిజము చెప్పెను. 1897లో అచ్చయిన గురజాడవారి నాటకమునకు ఆ పేరే చాలినది. నేడు వరుని పక్షమువారు పుచ్చుకొను సొమ్మును 'కట్నము' అనుచున్నాము. కట్నమనగా శుభకార్యమున ప్రీతితో చదివించు కానుక. అడిగి, హెచ్చించి, తగ్గించి, కుదుర్చుకొన్న సొమ్మునకు కానుక యను పేరేల? బేరము కుదిరినదందుము; సంబంధమును కుదిరినదనియే యందుము. ఆడబిడ్డ లాంఛనములు కొసరు గాక మఱేమి? పైగా అంగడిలో సొమ్మిచ్చినవాడు సరకు పట్టుకొనిపోవును. పందిటిలో సొమ్మిచ్చినవాడే బిడ్డనుగూడ ఇచ్చి, చేతులు జోడించి నిలుచును.

వరకట్నమును 1961లో చట్టము నిషేధించినది. అయినను ఆ సొమ్ము మంచిపేరు చాటున ఇంటింట తిరుగుచునే యున్నది. కావున చదువరులకు మా మనవి యొక్కటే. మీ యింట సంబంధము మాటలాడునపుడు కట్నమను మాటను విడిచి, వెల యనుడు. 'మా వాని వెల యింత' యని నోరార చెప్పగల తల్లిదండ్రులెందఱుందురో చూతము.