తెర మీది పాఠ్యపథకము, చెవిటికల్లు ఆదివారపు బడి: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతము

2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధించబడినప్పుడు మందిరముల తలుపులతోపాటు మన శిక్షణ తరగతులు కూడ మూతపడ్డాయి. సంఘకాపరులమైన మేము కొందరము కలిసి, ఆదివారపు బడి ఉపాధ్యాయుల కొరకు సెల్‌ఫోనులో చదువుకొనదగిన పన్నెండు పాఠములను ఒక ఆన్‌లైన్ శిక్షణా వేదిక మీద సిద్ధపరచి, 2021 జూలైలో ప్రారంభించాము. జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్ల పరిసర గ్రామముల నుండి ఉపాధ్యాయులు చేరారు. చెవిటికల్లు వారు కూడ వారిలో ఉన్నారు. ఆ పాఠములు ఎట్లు కట్టబడినవి, ఆ కట్టుబడి ఎవరికి మేలు చేసినది, ఎవరిని బయట నిలిపినది అనే విషయములను ఈ వ్యాసములో పరిశీలించదలచాము. ఇతరుల పనిని విమర్శించుటకు ముందు మా పనినే విమర్శకు పెట్టుట న్యాయమని తలంచి ఇందుకు పూనుకొన్నాము.

పాఠ్యపథకము యొక్క వంశావళి

బి.ఇడి. చదివిన వారికి పాఠ్యపథకము క్రొత్త సంగతి కాదు. జర్మను తత్త్వవేత్త హెర్బార్ట్ (1776–1841) ఆలోచనల నుండి ఆయన అనుచరులు రూపొందించిన సన్నాహము, ప్రదర్శన, సంసర్గము, సాధారణీకరణము, అన్వయము అనే అయిదు సోపానములను మన శిక్షణ కళాశాలలలో తరతరాలుగా నేర్పుతూ వచ్చారు. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందము బోధనా లక్ష్యములను వర్గీకరించిన తరువాత, ‘విద్యార్థి ఏమి చేయగలుగుతాడు’ అని ముందుగా వ్రాసుకొని పాఠము మొదలుపెట్టుట వాడుకలోకి వచ్చినది.

అదే 1950వ దశకములో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు బి.ఎఫ్. స్కిన్నర్ బోధనా యంత్రమును ప్రతిపాదించాడు. పాఠమును చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకు ఒక ప్రశ్న వేసి, జవాబు సరియో కాదో వెంటనే తెలిపి, ఆ తరువాతనే ముందుకు పంపుట ఆయన పద్ధతి. వేదాంత విద్య కూడ ఈ పద్ధతిని స్వీకరించినది. 1963లో గ్వాటెమాలాలోని ప్రెస్బిటేరియన్ సెమినరీలో రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమెరీ మొదలగువారు, సెమినరీకి రాలేని గ్రామ నాయకుల యొద్దకే సెమినరీని పంపుటకు విస్తరణ వేదాంత విద్యను ఆరంభించారు. దానిలో స్వయముగా చదువుకొనే పుస్తకములు ఈ ముక్కల పద్ధతిలోనే తయారైనవి. మన దేశములో 1971లో బెంగుళూరు కేంద్రముగా టాఫ్టీ ఇదే మార్గములో బయలుదేరినది.

2002లో మార్టిన్ డూగియామస్ విడుదల చేసిన మూడుల్ నేటి శిక్షణా వేదికలలో ఎక్కువ పేరు పొందినది. ఆయన బాల్యము పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతములో గడిచినది; బడి దూరమైనందున రేడియో ద్వారా పాఠములు విన్నాడు. దూరముగా ఉన్నవారికి చదువు అందించాలనే తపన ఇటు గ్వాటెమాలాలోను అటు ఆస్ట్రేలియాలోను ఒక్కటే. కాబట్టి ఈ పనిముట్టును లోకసంబంధమైనదని త్రోసివేయుట మా ఉద్దేశము కాదు.

మేలు జరిగిన సంగతి

ముందుగా మేలును ఒప్పుకొనవలెను. పూర్వము మా గ్రామములలో ఆదివారపు బడి పాఠము ఆ ఉదయము ఉపాధ్యాయునికి ఏది తోస్తే అది. నోవహు ఓడ ఏడాదికి మూడుసార్లు వచ్చేది. ఆమోసు, మీకా ఒక్కసారి కూడ వచ్చేవారు కారు. పాఠ్యపథకము వ్రాయుటకు కూర్చున్నప్పుడు మేము మొదటిసారిగా మమ్మల్ని మేము ప్రశ్నించుకొన్నాము: ఈ పాఠము విన్న ఎనిమిదేండ్ల పిల్లవాడు ఇంటికి వెళ్లి ఏమి చెప్పగలగాలి? ముప్పది సంవత్సరములు ప్రసంగించిన మాలో కొందరికి ఈ ప్రశ్నకు వెంటనే జవాబు దొరకలేదు. లక్ష్యము లేకుండ మాటలాడే అలవాటును ఈ క్రమము సరిచేసినది. ఈ లాభము సంఘకాపరులకు కలిగినది. ఉపాధ్యాయుల సంగతి వేరు.

మొదటి విమర్శ: తాళము

ఇట్టి వేదికలలో ఒక పాఠము పూర్తి చేయనిదే తరువాతి పాఠము తెరుచుకొనకుండ తాళము వేయవచ్చును. వేయకుండ కూడ ఉండవచ్చును. మేము వేశాము. సృష్టితో మొదలై, పితరులు, నిర్గమము, ప్రవక్తల మీదుగా క్రీస్తు జననము తొమ్మిదవ పాఠముగా వచ్చునట్లు క్రమపరచాము. పక్షమునకు ఒక పాఠము చొప్పున లెక్కవేస్తే, అందరును నవంబరు ఆరంభమునకు తొమ్మిదవ పాఠమును ముగించాలి. కాగితము మీద లెక్క సరిగానే ఉన్నది.

అయితే చెవిటికల్లు క్యాలెండరు వేరు. 2021 ఆగస్టులో కృష్ణకు అకస్మాత్తుగా వరద వచ్చి, ఇసుక కొరకు నదిలోకి దిగిన వందకు పైగా లారీలు అక్కడ చిక్కుకొన్న సంగతి పాఠకులకు జ్ఞాపకముండవచ్చును. ఊరు ఆ ఆందోళనలో ఉన్న వారములో మా వేదిక తనంతట తానే ఉపాధ్యాయులకు ‘మీరు వెనుకబడి ఉన్నారు’ అని సందేశములు పంపినది. అక్టోబరు నుండి పత్తి తీతలు, సంక్రాంతి దాటితే మిరపకోతలు. తెల్లవారుజామున చేనికి వెళ్లి పొద్దుగూకి వచ్చి వంట చేసుకొనే స్త్రీకి, ఛార్జింగు ఉన్న ఫోను, సిగ్నలు, ఓపిక మూడును ఒకే గంటలో కలిసిరావు.

చెవిటికల్లు బడిని ఎన్నో ఏండ్లుగా నడిపించుచున్న ఒక పెద్దామె డిసెంబరు రెండవ వారములో ఫోను చేశారు. ఆమె అయిదవ పాఠములో ఉన్నారు. “అయ్యగారూ, పిల్లలకు క్రిస్మస్ కథ చెప్పాల్సింది ఈ ఆదివారమే. నా ఫోనులో అది తాళం వేసి ఉంది. ఎప్పుడు తీస్తారు?” అని అడిగారు. వేదిక తాళపుచెవి మా చేతిలోనే ఉన్నది. రెండు నొక్కులతో తీయవచ్చును. “క్రమము అందరికీ ఒక్కటేనమ్మా, ఆరు, ఏడు త్వరగా ముగించండి” అని మేము జవాబిచ్చాము. ఇది యంత్రము చేసిన తప్పు కాదు. యంత్రము వెనుక నిలబడి మేము చేసిన తప్పు.

ఐతియొపీయుడైన నపుంసకుడు యెషయా గ్రంథము చదువుచుండగా ఫిలిప్పు అతనిని ఆదికాండమునకు మరల్చలేదు, అతడు ఏ లేఖనము తెరిచి ఉన్నాడో అక్కడనే ఆరంభించాడు (అపొ.కా. 8:26–35). ఎమ్మాయు మార్గములో ప్రభువు మోషేతో మొదలుపెట్టి క్రమముగానే బోధించెను. అయితే దానికి ముందు వారు నడుస్తూ ఏమి మాటలాడుకొనుచున్నారో అడిగి, వారి దుఃఖమును పూర్తిగా వినెను (లూకా 24:13–27). లేఖనములలో క్రమము ఉన్నది, కాని అది అవసరమునకు అడ్డుగా తలుపు మూయదు.

రెండవ విమర్శ: ఆరు మాటలు

పాఠము ముగిసినదని వేదికకు ఎట్లు తెలియును? అమెరికా రక్షణశాఖ పూనికతో 1997లో మొదలైన ఏ.డి.ఎల్. అనే కార్యక్రమము, ఒకచోట తయారైన పాఠము మరొకచోట కూడ నడుచునట్లు స్కార్మ్ అనే సాంకేతిక ప్రమాణమును రూపొందించినది. 2001లో వచ్చిన దాని 1.2 రూపము చాల విస్తారముగా వాడబడినది. మేము వాడిన పనిముట్టు కూడ పాఠములను ఆ ప్రమాణములోనే కట్టినది. దానిలో అభ్యాసకుని పాఠస్థితిని చెప్పుటకు ఆరు మాటలే ఉన్నవి: ఉత్తీర్ణము, పూర్తి, అనుత్తీర్ణము, అసంపూర్తి, చూచి విడిచినది, మొదలుపెట్టనిది. మార్కులు, గడిపిన సమయము వంటివి వేరుగా నమోదగును. ‘పిల్లలకు చెప్పగలిగినది’ అనే మాటకు అక్కడ చోటు లేదు.

అదే ప్రాంతములోని డిగ్రీ చదువుచున్న ఒక యౌవనస్థుడు పన్నెండు పాఠములను తొమ్మిది రోజులలో పూర్తి చేశాడు. ప్రతి ప్రశ్నకు పూర్తి మార్కులు. మేము మెచ్చుకొంటే అతడు దాపరికము లేకుండ చెప్పాడు: “తప్పు నొక్కితే మళ్లీ అడుగుతుంది అయ్యగారూ. మూడోసారికి సరైనదే మిగులుతుంది.” స్కిన్నర్ ఆశించిన వెంటనే సరిదిద్దుట మా చేతిలో ఊహించి నొక్కుటగా మారిపోయినది.

2022 జనవరిలో ధ్రువపత్రముల జాబితాను వేదిక ఇచ్చిన నివేదికను బట్టి తయారుచేశాము. యౌవనస్థుని పేరు ఉన్నది. పెద్దామె పేరు ఎదుట ‘అసంపూర్తి’ అని ఉన్నది. కాబట్టి పేరు లేదు. ఆమెకు చదువు కొద్దిగానే వచ్చు. ఆమె బోధ పాటతోను, ప్రశ్నతోను, పిల్లలచేత కథను తిరిగి చెప్పించుటతోను సాగుతుంది. తరువాతి ఆదివారము ఆమె తనంతట తానే బడిని ఆ యౌవనస్థునికి అప్పగించి, చాపలు పరచి వెనుక కూర్చున్నారు. అతడు ఫోను చూచి చదివాడు. పిల్లలు అల్లరి చేయలేదు, మాటలాడలేదు కూడ. ఆ తరగతిలో మేము ఉన్నాము. అదివరకు అదే బడిలో మేము విన్న సందడి ఎక్కడికి పోయినదో మాకు అర్థమైనది.

మన సంఘముల చరిత్ర ఈ సంగతిని ముందే నేర్పవలసినది. నాటి కృష్ణా జిల్లా రాఘవాపురమునకు చెందిన పాగోలు వెంకయ్య ఏ వేదపాఠశాలలోను చదువలేదు. 1859లో సి.ఎం.ఎస్. మిషనరీ డార్లింగ్ ద్వారా విశ్వాసములోనికి వచ్చి, తన బంధువర్గము మధ్య సువార్తను వ్యాపింపజేశాడు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు రచించిన కీర్తనల ద్వారా అక్షరము రానివారు కూడ సిద్ధాంతమును కంఠస్థము చేసికొన్నారు. ఈ పరంపరను ‘అసంపూర్తి’ అని నమోదు చేసే పథకము మన సంఘమునకు సరిపడదు.

ఒక ఆక్షేపణ

‘తాళములు, మార్కులు లేకపోతే ఎవరికి తోచినది వారు బోధిస్తారు, దుర్బోధ ప్రవేశిస్తుంది’ అని విద్యార్థి సోదరులు అనవచ్చును. ఈ భయము నిరాధారమైనది కాదు. కాని దుర్బోధను పట్టుకొనగలిగేది వినే చెవి. నాలుగు జవాబులలో ఒకటి నొక్కించుట వలన అది పట్టుబడదు. నమ్మకమైన మనుష్యులకు అప్పగించుమని పౌలు తిమోతికి వ్రాసినప్పుడు (2 తిమోతి 2:2), వారు ఇతరులకు బోధింప సామర్థ్యము గలవారై యుండవలెనని కోరాడు. నమ్మకమును, సామర్థ్యమును దగ్గర ఉండి చూడవలెను.

వేదికలు మారుచున్నవని కూడ చెప్పవలెను. 2013లో వచ్చిన ఎక్స్-ఏ.పి.ఐ. అనే ప్రమాణము ‘ఎవరు, ఏమి చేశారు, దేనిని’ అనే వాక్య రూపములో తెర బయట జరిగిన పనిని కూడ నమోదు చేయగలదు. మూడుల్‌లో కూడ తెర మీద ఏమియు సమర్పించకుండ జరిగిన పనికి ఉపాధ్యాయుడు స్వయముగా మార్కు వేయు వీలున్నది. అనగా పరిమితి ఎక్కువగా పాఠము కట్టే వారి ఊహలోనే ఉన్నది.

నెహెమ్యా గ్రంథములోని వేదిక

ఎజ్రా ధర్మశాస్త్రమును చదువుటకు కఱ్ఱతో ఒక పీఠము కట్టబడినది (నెహెమ్యా 8:4). ఆ దినములకు అదే వేదిక. ఎత్తున నిలిచి చదివితే అందరికి కనబడును, వినబడును. అయితే అధ్యాయము అంతటితో ముగియదు. జనులు తమ స్థలములలో నిలిచి ఉండగా లేవీయులు వారికి అర్థము వివరించారు (8:7–8). పీఠము మీద ఒకడు. జనుల మధ్య అనేకులు. మేము పీఠము కట్టి, లేవీయులను పంపలేదు. విస్తరణ వేదాంత విద్యలో టెడ్ వార్డ్ అనే విద్యావేత్త స్వయముగా చదువుట, క్షేత్రములో పనిచేయుట అనే రెండింటిని కంచెకు ఉండే రెండు అడ్డకఱ్ఱలతో పోల్చి, వాటిని నిలిపే గుంజలు ముఖాముఖి కూడికలని చెప్పాడు. మేము ఒక్క అడ్డకఱ్ఱను మాత్రమే పట్టుకొన్నాము.

సూచనలు

ఈ పని చేయదలచిన తోటి కాపరులకు మేము నేర్చుకొన్నవి ఇవి:

1. పాఠములకు వరుస ఉండవచ్చును, తాళము ఉండకూడదు. క్రిస్మస్, శ్రమల దినములు, ఈస్టరు పాఠములు ఎల్లప్పుడు తెరిచి ఉండవలెను.

2. గడువులను ఊరి పనులను బట్టి పెట్టవలెను. పత్తి, మిరప పనుల నెలలలో క్రొత్త పాఠము ఇవ్వక, విని మననము చేసికొనదగిన పాటను గాని కథను గాని ఇవ్వవలెను.

3. పాఠము చదువు వచ్చినవారికే కాక వినేవారికి కూడ సిద్ధపరచవలెను. సిగ్నలు లేనప్పుడు వినుటకు ఫోనులో దించుకొనే వీలు ఉండవలెను.

4. ‘పూర్తి’ అనే మాటను యంత్రము వ్రాయకూడదు. కాపరి గాని అనుభవముగల ఉపాధ్యాయుడు గాని తరగతిలో కూర్చుండి, పిల్లలు కథను తిరిగి చెప్పుట విన్న తరువాత వ్రాయవలెను.

5. నెలకు ఒకసారి ముఖాముఖి కూడిక తప్పనిసరి.

ముగింపు

2022లో మేము తాళములను తీసివేసి, పాఠములను పాటలతో తిరిగి కట్టాము. తరగతులను చూచుటకు ఊరూరా తిరుగవలసి వచ్చినందున పని పెరిగినది; ధ్రువపత్రముల సంఖ్య తగ్గినది. చెవిటికల్లు బడిని ఇప్పుడు పెద్దామెయు ఆ యౌవనస్థుడును కలిసి నడుపుచున్నారు. ఆమె కథ చెప్పుచుండగా అతడు లేఖనభాగమును చదువుతాడు. ఆమెకు ధ్రువపత్రము ఇచ్చినప్పుడు మా తప్పును సంఘము ఎదుట ఒప్పుకొన్నాము. ఆమె దానిని కొంగున దాచుకొని, “ఈసారి క్రిస్మస్ పాఠం పత్తి రాకముందే ఇవ్వండి అయ్యగారూ” అని మాత్రము అన్నారు. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే ఇచ్చాము.