అక్టోబరు ఒకటిన ఏం జరిగిందంటే

2003 అక్టోబరు 1. బ్రహ్మోత్సవాల వేళ స్వామికి పట్టువస్త్రాలు సమర్పించేందుకు తిరుమలకు బయల్దేరిన నాటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడి కాన్వాయ్ మీద అలిపిరి దగ్గర నక్సలైట్లు క్లెమోర్ మైన్లు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షిక ఏది తీసినా ఈ సంగతి ఉంటుంది. దీని మీద ఒక ప్రశ్న రాయమంటే చాలామంది “అలిపిరి ఘటన ఏ సంవత్సరంలో జరిగింది?” అని రాసి, కింద నాలుగు అంకెలు పడేసి చేతులు దులుపుకుంటారు.

పని తెలిసినవాడు అలా అడగడు. “కర్నూలు రాజధానిగా ఏర్పడిన రాష్ట్రానికి సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, ఏ కొండ పాదాల దగ్గర ముఖ్యమంత్రి ప్రాణాపాయం నుంచి తప్పించుకున్నారు?” అంటాడు. 1953 అక్టోబరు 1న ప్రకాశం పంతులు ముఖ్యమంత్రిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టిందని తెలిసినవాడు అక్కణ్ణుంచి లెక్క కట్టుకుంటూ వస్తాడు. అలిపిరి ఘటన గుర్తున్నవాడు ఇటునుంచి వెనక్కి పోతాడు. రెండు దారులూ ఒకే జవాబు దగ్గర కలుస్తాయి. కంఠతా పట్టినవాడికీ ఆలోచించేవాడికీ తేడా తేల్చే ప్రశ్న ఇది. ఇలాంటిది ఒక్కటి వింటే నాకు ఆ పూట కడుపు నిండిపోతుంది.

ఈ ఆట మనకు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ పెట్టిన క్విజ్ నుంచి అంటారు. హైదరాబాద్ కే-సర్కిల్ వాళ్లు దాన్ని ఇటు నిలబెట్టారంటారు. కావచ్చు. బడిలో ప్రార్థన అయ్యాక వార్తలు, సూక్తి చదివి, ఒక జీకే ప్రశ్న విసిరే అలవాటు మాత్రం మనందరిదీ.

తేదీ ప్రశ్న అల్లడంలో అసలు కష్టం తేదీని నమ్మడంలో ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తినే తీసుకోండి. 1895 మే నెలలో, అర్ధరాత్రి దాటిన అరగంటకు పుట్టారు. గడియారం ప్రకారం మే 12. తెల్లవారితేగానీ రోజు మారదనుకునే మన ఇళ్ల లెక్కలో మే 11. మంచి ప్రశ్నకర్త ఇక్కడ తేదీని జవాబుగా పెట్టడు. ఒకే మనిషికి రెండు పుట్టినరోజులు ఎలా వచ్చాయో చెప్పమంటాడు. అన్నమయ్య వర్ధంతీ అంతే. పుస్తకాల్లో 1503 ఫిబ్రవరి 23 అని కనిపిస్తుంది. దేవస్థానం మాత్రం ఫాల్గుణ బహుళ ద్వాదశినాడు జరుపుతుంది. ఆ సందర్భంగా అలిపిరి పాదాల మండపం దగ్గర మెట్లోత్సవం చేస్తారు. ఇంగ్లీషు తేదీ పట్టుకుని ఫిబ్రవరి 23న వచ్చి నిలబడితే అక్కడ మెట్లోత్సవం దొరకదు.

ఇక శాసనాల సంగతి. శ్రీకృష్ణదేవరాయలు మొదటిసారి తిరుమలకు వచ్చింది 1513 ఫిబ్రవరి 10న. శాసనంలో ఆ అంకెలు ఉండవు. శకవర్షం 1434, ఆంగీరస సంవత్సరం అని ఉంటుంది. శకానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని బిట్ బ్యాంకుల్లో నేర్పుతారు. కలిపి చూడండి, 1512 వస్తుంది. తప్పు! జనవరి నుంచి ఉగాది దాకా ఉన్న రోజులకు 79 కలపాలి. రాయలు తిరుమలదేవి, చిన్నాదేవి సమేతంగా తన ప్రతిమలను పెట్టించిన 1517 జనవరి 2కూ ఇదే చిక్కు, అది శకం 1438. సంవత్సరం పేరు అరవయ్యేళ్లకోసారి తిరిగి వస్తుంది కాబట్టి అదొక్కటీ చాలదు. మాసం, పక్షం, తిథి, వారం అన్నీ సరిపోయే రోజు దొరికేదాకా వెతకాలి.

ఆ వెతుకులాటకు దారి వేసిన మహానుభావుడు ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై. వృత్తిరీత్యా ప్రభుత్వోద్యోగి. చివరి రోజుల్లో మద్రాసు శాసనమండలి అధ్యక్షుడు. 1922లో వెలువడిన ఆయన ‘ఇండియన్ ఎఫిమెరిస్’ సంపుటాల్లో వందల ఏళ్ల తిథులన్నీ ఇంగ్లీషు తేదీలకు ఎదురుగా పరిచి ఉంటాయి. కంప్యూటర్ లేని రోజుల్లో, చేత్తో! మా తిరుపతికి సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారున్నారు. కొండ మీది గోడల శాసనాలు ఒక్కొక్కటే చదివించి 1930 నాటికి నివేదిక రాశారు. తర్వాత దేవస్థానం ఆ శాసనాలను సంపుటాలుగా అచ్చు వేసింది. రాయలు వచ్చిన రోజు ఇదీ అని ఈనాడు ఒక పిల్లవాడు బడిలో టక్కున చెబుతున్నాడంటే ఆయన చలవే. క్విజ్ మాస్టర్లంటే టీవీలో కోటు వేసుకున్నవాళ్లే గుర్తొస్తారు కొందరికి. నన్నడిగితే ముందు ఈయనకే దండం పెట్టాలి.

ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పొద్దున్నే వాట్సాప్‌లో ‘చరిత్రలో ఈ రోజు’ అంటూ ముప్పై లైన్లు వచ్చిపడతాయి. ఎక్కణ్ణుంచో ఎత్తి, తర్జుమా యంత్రంలో వేసి, ఇంకెక్కడో దించిన సరుకు. పుట్టినరోజు ఒకరిదైతే ఫొటో ఇంకొకరిది. నిన్నటి తప్పు ఈ రోజు ఇంకో గ్రూపులో రుజువైపోతుంది. గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం గదులు అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లలు దాన్నే కళ్లకద్దుకుని నోటుబుక్కుల్లోకి ఎక్కిస్తున్నారు. పాపం, వాళ్ల తప్పేముంది? ఒక్క తేదీనైనా సరిచూడకుండా అచ్చేసి అమ్ముకునేవాళ్లను అనాలి.

దానికి తోడు ఆ జాబితాల్లో రాయలసీమకు చోటెక్కడ? నవంబరు 16 తీయండి. 1937లో అదే రోజు మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఇంట్లో శ్రీబాగ్ ఒప్పందం కుదిరింది. కర్నూలు రాజధాని కావడానికి మూలం అదే. ఎన్ని జాబితాల్లో ఉంది? ఫిబ్రవరి 28 తీయండి. 1919లో మదనపల్లె బీసెంట్ కళాశాలలో రవీంద్రనాథ్ ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చిన రోజు. జాతీయ సైన్సు దినోత్సవం కింద అది నలిగిపోతుంది. సి.వి. రామన్ మీద నాకు కోపం లేదబ్బా! ఆ పక్కన ఒక్క లైను మదనపల్లెకు ఇస్తే ఏం పోయింది? ఏప్రిల్ 1న 1911లో చిత్తూరు జిల్లా పుట్టిందనీ, 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిపోయిందనీ మూడు రోజుల తేడాతో రెండు చక్కటి ప్రశ్నలు ఎదురుచూస్తున్నాయి. ఏప్రిల్ 10న మొదటి ఘాట్ రోడ్డు ఉంది, 1944లో మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ ప్రారంభించింది. సెప్టెంబరు 2న వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1954.

కాబట్టి నా విన్నపం దేవస్థానానికే. మీ దగ్గర వెయ్యికి పైగా శాసనాలున్నాయి. అలిపిరి మెట్ల మొదట్లో ఒక నల్లబల్ల పెట్టండి. రోజుకొక శాసనం, దాని మీద ఒక ప్రశ్న. జవాబు అక్కడే రాయకండి. మూడున్నరవేల మెట్లు ఎక్కేవాళ్లకు తోడుగా ఒక ప్రశ్న ఉండనివ్వండి, జవాబు పైన గాలిగోపురం దగ్గర పెట్టండి. ఆ ప్రశ్నలు రాసే పనికి మాత్రం టెండర్లు పిలవొద్దు, శకానికి ఎప్పుడు 79 కలపాలో తెలిసినవాళ్లను పిలవండి.