పోటీకి ముందు ఆరు నెలలు

బండలాగుడు పోటీకి గిత్తలను తోలుకొచ్చినప్పుడు నిర్వాహకులు ముందు చూసేది వాటి నోరు. పశువుకు పైదవడ ముందు భాగంలో పళ్ళుండవు, కింద ఎనిమిది ఉంటాయి. రెండేళ్ళు దాటాక పాలపళ్ళు ఊడి నడిమి జత వస్తుంది. తర్వాత ఒక్కో జతగా నాలుగు, ఆరు వచ్చి, నాలుగేళ్ళు దాటేసరికి నోరు నిండుతుంది. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన జూనియర్లు, సీనియర్లు అంటూ కరపత్రాల్లో అచ్చువేసే విభాగాలు ఈ లెక్క మీదే నడుస్తాయి. విభాగం పెరిగిన కొద్దీ బండ బరువూ పెరుగుతుంది. ఎముక ముదరని గిత్త మెడ మీద పెద్ద బండ పెట్టకూడదని మన రైతు ఎప్పుడో గ్రహించి నియమం చేసుకున్నాడు. ఈ క్రీడలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ నియమమే.

సంక్రాంతి నుంచి శివరాత్రి, ఉగాది దాకా, ఆ తర్వాత ఎండాకాలం తిరునాళ్ళలో ఈ పోటీలు జరుగుతాయి. ప్రకాశం, గుంటూరు, పల్నాడు, కర్నూలు, కడప ప్రాంతాల్లో వీటికి జనం విరగబడతారు. తెలంగాణలో సూర్యాపేట జిల్లా మేళ్ళచెరువు శివరాత్రి జాతర ఎడ్ల పందాలకు పేరుమోసింది. మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఈ ఆట అంతగా లేదు. మనకు కోడె అంటే వేములవాడ రాజన్న గుర్తొస్తాడు. కోరిక తీరినవాళ్ళు కోడెను పట్టుకొని గుడి చుట్టూ తిరిగి కట్టేసి మొక్కు చెల్లిస్తారు. ఇక్కడ కోడె దేవునికి చెందుతుంది, అక్కడ ఊరి పేరు మోస్తుంది. రెండు చోట్లా పశువును చూసే చూపులో భక్తి ఒకటే.

పోటీ జరిగే నేలను కోర్టు అంటారు. చదును చేసి, కొలత వేసి, రెండు కొసల్లో గీతలు గీస్తారు. పెద్ద రాతిబండను కాడికి తగిలిస్తారు. జతలు దిగే వరుసను చీటీలు తీసి తేలుస్తారు. ఇచ్చిన నిమిషాల్లో ఎక్కువ అడుగులు లాగిన జత గెలుస్తుంది. కొసకు చేరిన ప్రతిసారీ బండను మళ్ళించుకోవాలి. ఆ మలుపులోనే చాలా జతలు సమయం పోగొట్టుకుంటాయి. చివరి నిమిషంలో ఆగిన చోటు నుంచి గీత దాకా టేపు పట్టి కొలుస్తారు, కొన్ని అంగుళాల తేడాతో బహుమతి మారిపోవచ్చు. మైకులో వ్యాఖ్యానం చెప్పేవారికి ప్రతి గిత్త పేరు, ఊరు, గెలిచిన చోట్లు నోటికి వచ్చి ఉంటాయి. కమిటీ పని మాత్రం చాలా ముందే మొదలవుతుంది. దాతలను అడగాలి, బండలు తూచాలి, నేల తడిపి గట్టిపరచాలి, దూరం నుంచి లారీల్లో వచ్చే జతలకు నీడ, నీళ్ళు, మేత చూడాలి. ఈ చాకిరీ అంతా ఊరి యువకులదే.

అసలు విద్య పోటీకి ముందు ఆరు నెలలు గిత్తను పెంచేవారి కొట్టంలో ఉంది. మొదట జత కుదరాలి. ఎత్తు, అడుగు, దూకుడు మూడూ కలిసిన రెండు గిత్తలు దొరకడం తేలిక కాదు. ఒకటి ముందుకు ఉరికి ఇంకొకటి వెనకపడితే కాడి వంకరపోతుంది, బరువంతా ఒకే మూపు మీద పడుతుంది. అందుకే ఎడమవైపు దాపటికి ఏది కుదురుతుందో, కుడివైపు వలపటికి ఏది కుదురుతుందో రెండు వైపులా మార్చి కట్టి చూస్తారు. ఒకసారి తేలాక ఆ వైపు మార్చరు. మలుపులో లోపలి వైపు గిత్త దాదాపు నిలబడిపోవాలి, బయటి గిత్త చుట్టూ నడవాలి. ఈ చిన్న విషయం నేర్పడానికే ఎన్నో వారాలు పడుతుంది.

తర్వాత మేత. జొన్న చొప్ప, పచ్చగడ్డితో పాటు ఉడికించిన ఉలవలు, పత్తిగింజలు, తవుడు పెడతారు, కొందరు గుడ్లు కూడా. దాణాను ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, గిట్టలు నొప్పి చేస్తాయి. అందుకే కొంచెం కొంచెంగా పెంచుతారు. లాగుడు సాధనలోనూ ఇదే ఓపిక. ముందు ఉత్త కాడి అలవాటు చేస్తారు. ఆ తర్వాత తేలికపాటి మొద్దు, చిన్న బండ, చివరికి పోటీ బరువు. తెల్లవారుజామున చల్లపూట లాగిస్తారు, ఎండెక్కకముందే కాడి దింపుతారు. నొప్పి తీరడానికి, ఊపిరితిత్తులు బలపడటానికి చెరువులో ఈదిస్తారు. అది మూపు మీద ఏ బరువూ పడని కసరత్తు. రోజూ ఒళ్ళు మర్దనా చేస్తూ, చేయి తగిలితే ఎక్కడ వేడిగా ఉందో, ఎక్కడ ముడుచుకుంటుందో గమనిస్తారు. మూపు మీద చిన్న పుండు లేచినా అది మానేదాకా కాడి కట్టరు. గట్టినేల మీద గిట్టలు అరగకుండా నాడాలు కొట్టిస్తారు. కొట్టిన రోజు నుంచి నడక మారిందా అని కన్నేసి ఉంచుతారు. పశువు తనంతట తాను చెప్పలేని వాటిని చూపుతో, చేతితో కనిపెట్టే ఈ విద్య ఏ పుస్తకంలోకీ పూర్తిగా ఎక్కలేదు. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకున్నదే ఎక్కువ.

ఇలాంటిదే ఒక కథ భూమికి అటువైపు అలాస్కాలో ఉంది. అక్కడ మంచు మీద బండి లాగేవి కుక్కలు. 1925లో నోమ్ పట్టణంలో కంఠసర్పి వ్యాధి సోకినప్పుడు కుక్కల జట్లే ఒకదాని నుంచి ఒకటి అందుకుంటూ మందును దాదాపు 1,085 కిలోమీటర్లు చేర్చాయి. తర్వాత మంచు మోటారు బండ్లు వచ్చి, ఊళ్ళలో కుక్కల జట్లు మాయమవసాగాయి. ఆ విద్య ఆరిపోకూడదని జో రెడింగ్టన్ వంటివారు పూనుకొని, 1973లో నోమ్ దాకా సుమారు 1,600 కిలోమీటర్ల ఇడిటరాడ్ పందెం మొదలుపెట్టారు. అక్కడి క్లబ్బులు, పెంపకందార్లు మంచు పడకముందే చక్రాల బండ్లకు కుక్కలను కట్టి కాళ్ళు గట్టిపరుస్తారు, దూరం మెల్లమెల్లగా పెంచుతారు. పందెం దారిలో మజిలీ మజిలీకీ పశువైద్యులు ఉంటారు. అలసిన కుక్కను జట్టు నుంచి తప్పించి విమానంలో వెనక్కి పంపుతారు. అయినా కుక్కలు చనిపోయిన సందర్భాలున్నాయి, విమర్శలూ ఆగలేదు.

అక్కడ మంచు మోటారు బండి చేసిన పనిని మన దగ్గర ట్రాక్టరు చేసింది. కాకతీయ కాలువ నీళ్ళు పారే మన పొలాల్లో దున్నేది ట్రాక్టరు, కోసేది హార్వెస్టరు. హార్వెస్టరు కోసిన గడ్డి ముక్కలై చెల్లాచెదురవుతుంది కాబట్టి గడ్డివామి వేయడం తగ్గింది, పశువు మేత ఖరీదైంది. పని లేని ఎద్దును రైతు ఎన్నాళ్ళు మేపగలడు? అమ్మేస్తాడు. దున్నే ఎద్దుతో పాటు కాడి చెక్కే వడ్రంగి, నాడాలు కొట్టే చేయి, దాపట వలపట తేల్చే కన్ను కూడా పోతాయి. పోటీలున్న చోట మాత్రం మంచి గిత్తకు మంచి ధర ఉంది, దాన్ని కన్న ఆవుకు గౌరవం ఉంది. ఈ పోటీల్లో లాగే ఒంగోలు జాతి సంతతి బ్రెజిల్‌లో నెలూర్ పేరుతో అక్కడి మాంసపు పశువుల్లో అత్యధిక భాగమైంది. 2002లో హైదరాబాద్‌లో జరిగిన జాతీయ క్రీడలకు వీర అనే ఒంగోలు గిత్తనే గుర్తుగా పెట్టుకున్నాం. అయితే బ్రెజిల్ ఆ జాతిని మాంసానికి పెంచింది. లాగే బలం కోసం, మనిషి మాట వినే గుణం కోసం ఎంచి పెంచే పని ఇప్పుడు ఎక్కువగా మిగిలింది ఈ పోటీల ఊళ్ళలోనే.

నేను పోటీల పక్షం. చెర్నాకోల పక్షం మాత్రం కాదు. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందాలను హింసగా భావించి ఆపింది. తర్వాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చట్టాలు సవరించుకున్నాయి. 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఆ సవరణలను సమర్థించింది. ఆ మొదటి తీర్పు లేవనెత్తిన హింస ప్రశ్న మాత్రం తీరిపోలేదు. తోక మెలిపెట్టి, ముల్లుకర్రతో పొడిచి లాగించే జతకు ఆరు నెలల పెంపకం చాలలేదనే నా లెక్క. బాగా పెంచిన గిత్త అదిలింపుకే లేస్తుంది. కర్ర వాడిన జతను పోటీ నుంచి తీసేయాలన్న నియమం పళ్ళు చూసే నియమం పక్కన చేరాలి, అంతే కచ్చితంగా అమలవ్వాలి.

మన జగిత్యాల జిల్లాలో ఏ ఊరి సంఘమైనా ఇలాంటి పోటీ పెట్టాలనుకుంటే మనకొక అనుకూలత ఉంది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. కోర్టు గీతలు గీయకముందే అక్కడి పశువైద్యులను పిలవాలి. దిగే ముందు ప్రతి గిత్త పళ్ళు, మూపు, గిట్టలు, ఒంటి వేడి చూడాలి. లాగి వచ్చాక ఊపిరి ఎంతసేపటికి కుదుటపడుతోందో గడియారం పెట్టి రాసుకోవాలి. కుదుటపడని జతను మరుసటి పోటీకి రానివ్వకూడదు. ఆ నమోదు పుస్తకం ఊరి కమిటీ దగ్గర ఒకటి, కళాశాలలో ఒకటి ఉండాలి. ఏ మేతతో, ఏ సాధనతో వచ్చిన జత నొప్పి లేకుండా తిరిగి వెళ్ళిందో నాలుగైదు సంక్రాంతులు గడిచేసరికి అందులో కనబడుతుంది.