పాపయ్య ఎటు నడుస్తున్నాడు?

పొలం నుంచి ఇంటికొచ్చాడు పాపయ్య. ఇంటావిడ ఇంకా వంట ముగించలేదు. ఊళ్ళోకి ఎవరో కొత్త మనిషి వచ్చి ఏదో కథ చెబుతున్నాడంటే, అన్నం అయ్యేలోగా విని వద్దామని వెళ్ళాడు. చెప్పినది ఏసుక్రీస్తు కథ. పాపయ్యకు అక్షరం రాదు. ఆ కథ వినడం అదే మొదలు. సరే, ఆ ఒక్క సాయంత్రంతో పాపయ్య క్రైస్తవుడు కాగలడా, కాలేడా?

ఈ ప్రశ్న వేసినవాడు పాల్ హీబర్ట్. పేరు చూసి ఎక్కడి దొరో అనుకునేరు. దొరే గాని, మన నేల మీద పుట్టిన దొర. ఇప్పుడు విమానాలు దిగుతున్న శంషాబాదులో 1932లో మిషనరీ దంపతులకు పుట్టాడు. అమెరికాలో మానవశాస్త్రం చదివాడు. 1960 తర్వాత కొన్నేళ్ళు ఇక్కడే మిషనరీగా పనిచేశాడు. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లెను కులాల వారీగా పరిశీలించి ‘కొండూరు’ అనే పుస్తకం 1971లో వేశాడు. 2007లో కన్నుమూశాడు. పాపయ్య ఆ పుస్తకంలోని వాడు కాడు, 1978లో రాసిన ఒక వ్యాసంలోని వాడు. వ్యాసం పెద్దదేం కాదు, కాని చాలా దేశాల వేదాంత కళాశాలల్లో పాపయ్య పేరు చెబితే చాలు, మేష్టర్లు గుర్తుపడతారు. మా పాలమూరు వైపు అడిగితే మాత్రం “ఏ పాపయ్య? వడ్ల పాపయ్యనా, కుమ్మరి పాపయ్యనా?” అంటారు.

నేను క్రైస్తవ వేదాంతం చదువుకున్నవాణ్ణి కాను. పాపయ్య ప్రశ్నతో నాకు కొంచెం ఇంటి సంబంధం ఉంది. అది తర్వాత చెబుతాను.

హీబర్ట్ దొరకు లెక్కల మీద మోజు. మనం మనుషుల్ని రెండు రకాలుగా గుంపు కడతాం అంటాడు. ఒకటి, గీత గీసి. గీతకు లోపలివాళ్ళంతా ఒకటే, బయటివాళ్ళంతా ఒకటే. మన ఊరి దొడ్డి లాంటిదన్న మాట. దొడ్డిలో ఉన్న బర్రె దొడ్డిదే, అది కొమ్ము విరిగినదా, పాలిచ్చేదా అన్న విచారణ లేదు. రెండోది, నడుమ ఒక బిందువు పెట్టి. ఎవరెంత దూరంలో ఉన్నారన్నది కాదు, మొహం ఎటు తిప్పి నడుస్తున్నారన్నది లెక్క. ఈ రెండో లెక్కలో క్రైస్తవుడంటే క్రీస్తు వైపు తిరిగినవాడు. పాపయ్య చాలా దూరంలో ఉన్నాడు. అతనికి తెలిసింది గోరంత. కాని తిరిగాడా లేదా? తిరిగితే క్రైస్తవుడే. అయితే అక్కడితో అయిపోలేదు. తిరగడం మొదటి అడుగు, ఆ పైన బతికినన్నాళ్ళూ నడవాలి. పాతికేళ్ళు గుళ్ళో ముందు వరసలో కూర్చుని, ఒక్క అడుగు వేయని పెద్దమనిషి సంగతేమిటో మీరే ఆలోచించుకోండి.

నాకు ఇది చదవగానే కురుమూర్తి జాతర గుర్తుకొచ్చింది. దీపావళి వెళ్ళాక ఆ దారుల మీద ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు, కాలినడకన జనం. గుట్ట కిందనే ఉండి ఇంటిమొహం పట్టినవాళ్ళుంటారు. ఇరవై మైళ్ళ దూరంలో అప్పుడే చద్ది మూట కట్టుకుని బయల్దేరినవాళ్ళుంటారు. దొర లెక్కలో ఈ రెండోవాళ్ళే జాతర జనం. పోలిక బాగానే కుదిరింది గాని, ఇందులో ఒక చిక్కు ఉంది. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

పోలిక అన్నాను కదా. అసలు కథంతా ఆ మాటలోనే ఉంది. బైబిలు మొదటి అధ్యాయంలో దేవుడు మనిషిని తన రూపంలో చేశాడని చెప్పేచోట తెలుగు అనువాదకులు రెండు మాటలు వాడారు: స్వరూపం, పోలిక. హెబ్రీలోనూ రెండు మాటలే, త్సేలెం, దెమూత్. రెండూ ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పడమేనని ఈ కాలపు పండితులు చాలామంది అంటారు. కాని రెండో శతాబ్దంలో ఇరేనియస్ అనే బిషప్పుగారు ఆ రెంటినీ విడదీశాడు. స్వరూపం మనిషికి పుట్టుకతో వచ్చింది, పోయేది కాదు. పోలిక మాత్రం పోగొట్టుకున్నాడు, దాన్ని మళ్ళీ పొందాలి, పెంచుకోవాలి. ఆదాము హవ్వలు కూడా పూర్తిగా పండినవాళ్ళు కారు, పసిపిల్లల వంటివాళ్ళు, పెరగవలసినవాళ్ళు అన్నాడాయన. తర్వాత వచ్చిన అగస్టీను ఈ మెత్తదనం చూపలేదు. ఆదాము పాపం సంతానానికంతా సంక్రమించిందన్నాడు. లూథరు ఇంకో అడుగు వేసి, ఆ స్వరూపమే పోయిందన్నాడు. తూర్పు దేశపు సంఘాలు మాత్రం ఇరేనియస్ దారినే పట్టి, మనిషి దేవుడిలా అయ్యేదాకా పెరగవచ్చు అంటాయి. ఇది వినగానే మనవాళ్ళు “ఓహో, అద్వైతం” అంటారు. కాదు. వాళ్ళు చెప్పే ఉపమానం సముద్రంలో కలిసిన నీటిబొట్టు కాదు, కొలిమిలోని ఇనుము. నిప్పులా ఎర్రబడుతుంది, నిప్పులా కాలుస్తుంది, అయినా ఇనుము ఇనుమే. మా ఊరి కమ్మరికి ఈ సంగతి ఏ బిషప్పూ చెప్పనక్కర్లేదు.

తెలుగులో పోలిక అన్న మాటకు గ్రీకు హెబ్రీలు ఎరగని సొగసొకటి ఉంది. పురిటింటికి వెళ్ళిన ముసలమ్మ బిడ్డను చూసి “అచ్చం తాత పోలికే” అంటుంది. అది పుట్టుకతో వచ్చినది, బిడ్డ చేసిన ప్రయత్నమేమీ లేదు. అదే ముసలమ్మ నలభై ఏళ్ళు కాపురం చేసిన దంపతుల్ని చూసి “ఇద్దరికీ ఒక్క పోలికొచ్చింది” అంటుంది. ఇది సహవాసంతో వచ్చినది. పుట్టుకా, పెంపకమా అని పండితులు పద్దెనిమిది వందల ఏళ్ళుగా తేల్చుకోలేనిదాన్ని మన ముసలమ్మ ఒక్క మాటలో ఇముడ్చుకుంది.

అన్ని మాటలూ ఇంత అనుకూలంగా పడలేదు. ‘జన్మపాపం’ అంటే తెలుగు చెవికి వినబడేది ఆదాము కాదు, పోయిన జన్మ. ఇక ‘మళ్ళీ పుట్టాలి’ అన్న బోధ సంగతి చెప్పక్కర్లేదు. ఎక్కడెక్కడో ఆనకట్టల మీద రాళ్ళు మోసి ఊరికొచ్చిన పాలమూరు లేబర్ ఆడమనిషి ఒకతె ఆ బోధ విని, “ఇంకోపారి పుట్టుడా? ఈ ఒక్కపారి సాలదా అయ్యా?” అందట. కట్టుకథ అయినా కావచ్చు, కాని ప్రశ్న అబద్ధం కాదు. ‘వెంబడించు’ అనే మాటా అంతే. పుస్తకాల తెలుగులో పోలీసు దొంగను వెంబడిస్తాడు. మా వైపు అలా కాదు. “నా ఎంబడి రా” అంటే నాతో రా, నా వెనకాలే రా అని. క్రీస్తు శిష్యుల్ని పిలిచిన మాట కోస్తా వాళ్ళకంటె తెలంగాణ వాళ్ళకే బాగా అర్థమవుతుందని నేను ధైర్యంగా చెప్పగలను.

ఆ మాట మీదనే ప్రాణం పెట్టుకున్న శాఖ ఒకటి నల్లగొండకు వచ్చింది. మెన్నో సైమన్స్ అనే పదహారో శతాబ్దపు డచ్చి బోధకుడి పేరు మీదుగా మెన్నొనైట్లు అంటారు. పసిపిల్లలు నిర్దోషులు, కనుక వాళ్ళకు బాప్తిస్మం వద్దు. ఎదిగినవాడు తెలిసి ఒప్పుకోవాలి, ఒప్పుకున్నది బతుకులో కనబడాలి. నమ్మకం నోట్లో ఉంటే చాలదు, కాళ్ళలోకి దిగాలంటారు వీళ్ళు. దక్షిణ రష్యాలో 1860లో వీరిలోంచి మెన్నొనైట్ బ్రదరెన్ అనే చీలిక పుట్టింది. ఆ కుదురు నుంచే అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా 1889లో బయల్దేరి మన దేశం వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషను కింద నల్లగొండలో పనిచేశారు. తర్వాత అమెరికా నుంచి వచ్చిన అదే శాఖవాళ్ళు నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల, మహబూబ్‌నగర్ దాకా పాకారు. హీబర్ట్ ఈ తీగకు కాసిన కాయే.

ఒక్కొక్కడూ తెలిసి ఒప్పుకోవాలి అనేవాళ్ళు వచ్చిపడ్డ దేశం ఎలాంటిది? వాళ్ళకంటె ముందే, 1878 జూలై 3న, ఒంగోలు దగ్గర క్లౌ దొర మనుషులు ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కరువు నాటి మాట. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. వాడలకు వాడలు, బంధువులకు బంధువులు కదిలారు. మన దగ్గర పెళ్ళి నిశ్చయించుకునేది పెళ్ళికొడుకు కాదు, చుట్టాలు. మతం కూడా అంతే. ఇక్కడే దొరగారి వ్యాసంతో నా మొదటి పేచీ. కొండూరు పుస్తకంలో కులాల వల అంత బాగా చూపించిన మనిషి, వ్యాసానికి వచ్చేసరికి ప్రశ్నను పాపయ్య ఒక్కడి తలమీద పెట్టాడు. పాపయ్య ఏ వాడవాడు? అతని మేనమామ ఏమన్నాడు? పటేలు ఏమన్నాడు? అది తెలియకుండా పాపయ్య ఎటు తిరిగాడో చెప్పడం కష్టం.

ఇప్పుడు మా ఇంటి సంగతి.

మా తాత మాదిగ, డప్పు కొట్టేవాడు. బాప్తిస్మం తీసుకున్నాక డప్పు మానేశాడు. మానడం చిన్న విషయం కాదు. డప్పు వెట్టిలో భాగం. పండుగకు కొట్టాలి, చావుకు కొట్టాలి, దొర వస్తే ముందు నడిచి కొట్టాలి. కొట్టనన్నవాడి వీపు మీద డప్పు మోగేది. అయినా మానాడు. ఏళ్ళ తరబడి డప్పు గోడకు వేలాడుతూ ఉండిపోయింది. అప్పుడు ఊరి పటేలు చనిపోయాడు. అందరు పటేళ్ళ వంటివాడు కాడట ఆయన. ఒక కరువు ఏడు మా నాయన వాళ్ళు ఐదుగురు పిల్లలూ బతికింది ఆ ఇంటి జొన్నలతో. తాత డప్పు దింపాడు, గడ్డిమంట మీద కాపాడు, పటేలు వాకిలి నుంచి కాష్ఠం దాకా కొట్టాడు. బియ్యం ఇస్తే తీసుకోలేదు. కల్లు ఇస్తే తాగలేదు.

ఆ ఆదివారం సంఘపెద్దలు కూర్చున్నారు. తాతను ఆరు నెలలు ప్రభు బల్ల నుంచి ఆపారు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా ఆ పెద్దల మీద నాకు పట్టరాని కోపం. హీబర్ట్ వ్యాసం దొరికిన రోజు గెలిచినంత సంబరపడ్డాను. చూశారా, మీరు గీత చూశారు, మా తాత మొహం ఎటు ఉందో చూడలేదు! గీతను వదిలి నడిబిందువును చూసి ఉంటే, శవం ముందు జీతం లేకుండా నడిచిన ఆ ముసలాయన తన దేవుడి వైపే నడిచాడని తెలిసేది.

రెండోసారి చదివినప్పుడు సంబరం తగ్గింది. గీతలు గీయడం గ్రీకుల నుంచి పడమటి వాళ్ళకు అంటుకున్న అలవాటు అన్నట్టు మాట్లాడతాడు దొర. గీత అసలే ఉండదని ఆయన అనడు, నడుమ బిందువు తేలితే గీత దానంతటదే తేలుతుందంటాడు. న్యాయమే. కాని మాదిగవాడకు గీత పుస్తకంలోంచి రాలేదు. క్లౌ దొర కాలపు ఒంగోలు సంఘంలో గట్టిగా పట్టిన కట్టుబాట్లు ఏమిటి? చచ్చిన పశువు మాంసం తినరాదు, ఆదివారం పని చేయరాదు, విగ్రహానికి మొక్కరాదు. వేదాంతి కళ్ళకు ఇవి పైపై నియమాలు. చచ్చిన గొడ్డును ఈడ్చేవాడి కళ్ళకు, ఏడు రోజులూ వెట్టి చేసేవాడి కళ్ళకు, మొదటిసారి ‘నేను చెయ్యను’ అనగలగడం. దేవుడి స్వరూపం నాలోనూ ఉందని అతను నమ్మిన చోటు ఆ గీతే. తాతను ఆపిన పెద్దలూ మాదిగలే. ఒకడు మమకారంతో డప్పు దింపితే, రేపు అందరి చేతా దింపిస్తారని వాళ్ళ భయం. ఆ భయం తప్పని నేనిప్పుడు అనలేను.

అయితే తాత తప్పు చేశాడా? జాతర చిక్కు ఇక్కడ పనికొస్తుంది. కురుమూర్తి నుంచి ఇంటిమొహం పట్టినవాడు దేవుడికి వీపు చూపించినట్టు కాదు. మన జనం లెక్కలో దర్శనం అయినవాడు దేవుణ్ణి వెంట పెట్టుకుని ఊళ్ళోకి వస్తాడు. ఆ జాతరలో స్వామికి ఊరేగింపుగా తెచ్చే ఉద్దాలు కుట్టేది వడ్డెమాన్‌లోని మావాళ్ళే. కుట్టి ఇచ్చి వాళ్ళూ తమ వాడకే తిరిగొస్తారు. బిందువు వైపు నడక ఒక్కటే లెక్కించిన దొరకు తిరుగుదారి తట్టినట్టు లేదు. క్రీస్తు పోలికలో ఎదగడమంటే గుడి వైపు నడవడమేనా? గుళ్ళో చూసినది మోసుకుని పటేలు వాకిట్లోకి రావడం కూడా కాదా? రెండోదే కష్టమని నాకు తోస్తుంది. అక్కడ గీత కాపాడదు, తోడు నడిచేవాళ్ళూ ఉండరు. పైగా చూసేవాళ్ళకు అది వెనక్కు నడిచినట్టే కనిపిస్తుంది.

ఆరు నెలలూ తాత ప్రతి ఆదివారం వెళ్ళి, గుడి తలుపు దగ్గర నేల మీద కూర్చుని వచ్చేవాడట. గడువు తీరాక అయ్యగారు పిలిపించి, ముందుకు రమ్మని, అందరి ఎదుటా అడిగారు. “ఇంక డప్పు ముట్టవు గదా?”

తాత కాసేపు ఆలోచించాడట.

“పటేలు మల్లొకపారి సస్తడా అయ్యగారూ?” అన్నాడు.